అరుదైన హార్డ్‌వేర్‌పై సోర్స్ నుంచి కంపైలర్ బిల్డ్, టెస్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది జీసీసీ అనే ఉచిత కంపైలర్‌ను (సోర్స్‌ను ప్రాసెసర్‌కు అర్థమయ్యే కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్) దృష్టిలో పెట్టుకుని రాసిన పేజీ. స్పార్క్, ఆల్ఫా, పీఏ-రిస్క్, మోటరోలా 68000 వంశం, పాత మిప్స్, కొత్తగా వచ్చిన లూంగ్‌ఆర్చ్, రిస్క్-ఫైవ్ బోర్డుల్లాంటివి మీ చేతిలో ఉన్నాయనుకుందాం. వాటి మీద కంపైలర్‌ను సొంతంగా బిల్డ్ చేసి, అది నమ్మదగ్గదో కాదో తేల్చుకోవాలనుకునేవారికి ఎదురయ్యే ప్రశ్నలు ఇవి.

డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చిన కంపైలర్ ఉంది కదా, మళ్లీ సోర్స్ నుంచి ఎందుకు?

మీ ప్రోగ్రాములు కంపైల్ అయితే చాలు అనుకుంటే అక్కర్లేదు, ఉన్నదే వాడుకోండి. కొత్త వెర్షన్లు కూడా మీ యంత్రంపై పనిచేస్తూ ఉండాలంటే మాత్రం ఎవరో ఒకరు తాజా సోర్స్‌ను దాని మీద తరచూ బిల్డ్ చేస్తూ ఉండాలి.

జీసీసీలో ఎక్కువ భాగం అన్ని ప్రాసెసర్లకూ ఉమ్మడి. ఆప్టిమైజర్‌ను మార్చే డెవలపర్ సాధారణంగా ఎక్స్86-64 మీద టెస్ట్ చేసి ఆ మార్పును చేరుస్తారు. అదే మార్పు పీఏ-రిస్క్ మీద తప్పుడు కోడ్ పుట్టిస్తే, అక్కడ ఎవరైనా బిల్డ్ చేసేదాకా బయటపడదు. వారంలోగా బయటపడితే మార్పు చేసిన మనిషికి వివరాలన్నీ గుర్తుంటాయి, త్వరగా సరిచేస్తారు. రెండేళ్ల తర్వాత బయటపడితే దాని మీద ఇంకెన్నో మార్పులు పేరుకుపోయి ఉంటాయి, అప్పుడు విప్పడం చాలా కష్టం.

ఒక్కోసారి ఉమ్మడి భాగమే పాత పద్ధతిని వదిలేస్తుంది. కండిషన్ కోడ్‌ల (ముందరి లెక్క ఫలితం ఎలా వచ్చిందో చెప్పే ప్రాసెసర్ గుర్తులు) కోసం ఉన్న ‘సీసీ0’ అనే పాత ఏర్పాటు అలాగే పోయింది. మోటరోలా 68000, వ్యాక్స్, ఏవీఆర్ బ్యాక్ ఎండ్‌లు (ఆయా ప్రాసెసర్లకు కోడ్ పుట్టించే భాగాలు) కొత్త పద్ధతికి మారకపోతే వాటినీ తీసేసేవారు. పట్టుదల ఉన్నవాళ్లు పూనుకుని మార్చారు కాబట్టి, జీసీసీ 12 నాటికి సీసీ0 పోయినా అవి నిలబడ్డాయి.

నా యంత్రంలో ఉన్న కంపైలర్ చాలా పాతది. తాజా జీసీసీ దానితో బిల్డ్ అవుతుందా?

నేరుగా కాదు, మెట్లు ఎక్కాలి. 4.8కి ముందు వెర్షన్లకు సీ89 (1989 నాటి సీ ప్రమాణం) కంపైలర్ ఉంటే సరిపోయేది. 4.8 నుంచి 10 వరకు సీ ప్లస్ ప్లస్ 98 కావాలి. 11 నుంచి 14 వరకు సీ ప్లస్ ప్లస్ 11, 15 నుంచి సీ ప్లస్ ప్లస్ 14. కాబట్టి సీ కంపైలర్ మాత్రమే ఉన్న చోట ముందు 4.7, దానితో 10, దానితో 15 అనేది తేలికైన దారి. మధ్య మెట్లకు టెస్ట్‌లు నడపాల్సిన పని లేదు, సీ, సీ ప్లస్ ప్లస్ తప్ప వేరే భాషలూ అక్కర్లేదు.

ఒక చిక్కుంది. పాత జీసీసీ సోర్స్, కొత్త జీలిబ్‌సీ (లైనక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ) హెడర్లు ఒకదానికొకటి పడవు. ఉదాహరణకు జీలిబ్‌సీ 2.26లో ‘స్ట్రక్ట్ యూకాంటెక్స్ట్’ అనే పేరు తీసేశారు. దాన్ని నేరుగా వాడే పాత లిబ్‌జీసీసీ (జీసీసీ సొంత సహాయక లైబ్రరీ) అక్కడే ఆగిపోతుంది. ఆ వరుసలో పేరును ‘యూకాంటెక్స్ట్_టీ’గా మారిస్తే ముందుకు వెళుతుంది.

కొత్త ప్రాసెసర్లకు ఈ మెట్లే లేవు. రిస్క్-ఫైవ్ మద్దతు జీసీసీ 7తో, లూంగ్‌ఆర్చ్ మద్దతు జీసీసీ 12తో వచ్చింది. అంతకు ముందరి వెర్షన్లకు ఆ ప్రాసెసర్ల ఊసే తెలియదు. అక్కడ క్రాస్ కంపైలర్, అంటే ఒక యంత్రం మీద నడుస్తూ వేరే ప్రాసెసర్‌కు కోడ్ ఇచ్చే కంపైలర్, ఒక్కటే దారి.

క్రాస్ కంపైల్ చేయాలా, యంత్రం మీదే నేరుగా బిల్డ్ చేయాలా?

వీలైతే రెండూ. వేగంగా పనిచేసే డెస్క్‌టాప్ మీద క్రాస్ కంపైలర్ కట్టి, దానితో మొదటి బైనరీ తయారుచేయండి. తర్వాత దాన్ని అసలు యంత్రానికి చేర్చి, అక్కడ పూర్తి బూట్‌స్ట్రాప్ (కంపైలర్ తనను తానే మళ్లీ కంపైల్ చేసుకోవడం) నడపండి. క్రాస్ బిల్డ్ ఒక్కటే చేసి వదిలేస్తే, మీ ప్రాసెసర్ మీద కంపైలర్ తనను తాను సరిగ్గా కంపైల్ చేసుకోగలదా అన్నది తేలదు.

క్రాస్ బిల్డ్‌కు వరుస ముఖ్యం. ముందు బైనుటిల్స్ (అసెంబ్లర్, లింకర్ లాంటి పనిముట్లు). తర్వాత లైబ్రరీలేవీ లేని ఒట్టి సీ కంపైలర్. ఆ తర్వాత కెర్నెల్ హెడర్లు, సీ లైబ్రరీ. చివరికి పూర్తి జీసీసీ. ‘సీఆర్‌టీ1 (ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఫైలు) దొరకలేదు’ అని లింకర్ ఆగిపోతే దాదాపు ఎప్పుడూ కారణం ఈ వరుస తప్పడమో, సిస్‌రూట్ (టార్గెట్ యంత్రపు హెడర్లు, లైబ్రరీలు ఉండే డైరెక్టరీ) దారి తప్పుగా ఇవ్వడమో.

బిల్డ్‌కు ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్‌కు ఇచ్చే బిల్డ్, హోస్ట్, టార్గెట్ అనే మూడు పేర్ల దగ్గర చాలామంది తడబడతారు. బిల్డ్ అంటే ఇప్పుడు మీరు కంపైల్ చేస్తున్న యంత్రం. హోస్ట్ అంటే తయారైన కంపైలర్ నడిచే యంత్రం. టార్గెట్ అంటే ఆ కంపైలర్ ఎవరి కోసం కోడ్ పుట్టిస్తుందో ఆ యంత్రం. డెస్క్‌టాప్ మీద కూర్చుని, ఆల్ఫా మీద నడుస్తూ ఆల్ఫాకే కోడ్ ఇచ్చే కంపైలర్ తయారుచేయాలంటే బిల్డ్ ఒకటి, హోస్ట్, టార్గెట్ రెండూ ఆల్ఫా. దీనికి ముందు ఆల్ఫాకు మామూలు క్రాస్ కంపైలర్ డెస్క్‌టాప్ మీద సిద్ధంగా ఉండాలి.

అడా, డీ భాషలు కావాలంటే క్రాస్ దారి తప్పనిసరి అవుతుంది. అడా కంపైలర్ అడాలోనే రాసి ఉంటుంది. జీసీసీ 12 నుంచి డీ కంపైలర్‌కు కూడా డీ కంపైలరే కావాలి. కొత్త యంత్రంపై ఆ మొదటి బైనరీ బయటి నుంచి రావాల్సిందే.

కాన్ఫిగర్‌కు ఏ ఆప్షన్లు ఇవ్వాలి?

వీలైనన్ని తక్కువ. మొదటిసారికి భాషలు సీ, సీ ప్లస్ ప్లస్ మాత్రమే. మల్టీలిబ్ (ఒకే లైబ్రరీని 32, 64 బిట్ల లాంటి పలు రకాలుగా కట్టడం) ఆపండి. లిబ్‌శానిటైజర్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తప్పులు పట్టే లైబ్రరీ) మీ ప్రాసెసర్‌కు లేకపోతే, ఉన్నా విరిగిపోతుంటే, దాన్నీ ఆపండి. ప్రిఫిక్స్, అంటే ఇన్‌స్టాల్ అయ్యే చోటు, మీ సొంత డైరెక్టరీ అయి ఉండాలి, సిస్టమ్ కంపైలర్ మీద మాత్రం ఇన్‌స్టాల్ చేయవద్దు. సోర్స్ డైరెక్టరీలో కాకుండా పక్కన ఖాళీ డైరెక్టరీలో బిల్డ్ చేయండి. పెద్ద సంఖ్యల లెక్కలకు కావలసిన జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ లైబ్రరీలను సోర్స్‌లోని ‘డౌన్‌లోడ్_ప్రీరిక్విజిట్స్’ స్క్రిప్ట్ తెచ్చిపెడుతుంది.

బిల్డ్ మధ్యలో ‘కిల్డ్’ అని ఆగిపోతోంది. ఎందుకు?

మెమరీ చాలలేదు. కెర్నెల్ లాగ్ చూడండి, ‘సీసీ1ప్లస్’ను (అసలు కంపైల్ పని చేసే ప్రోగ్రామ్) మెమరీ కోసం చంపేసినట్టు కనబడుతుంది. ముందుగా, బిల్డ్ నడిపే మేక్‌కు ఇచ్చిన సమాంతర జాబ్‌ల సంఖ్య తగ్గించండి, ఒకటికి తెచ్చినా తప్పు లేదు.

జీసీసీలో కొన్ని ఫైళ్లు బిల్డ్ సమయంలో పుట్టేవి, అవి చాలా పెద్దవి. ప్యాటర్న్‌లను గుర్తించే జింపుల్-మ్యాచ్, ఇన్‌స్ట్రక్షన్‌లను పుట్టించే ఇన్‌సన్-ఎమిట్ లాంటివి. తక్కువ మెమరీ ఉన్న యంత్రం వీటి దగ్గరే కూలుతుంది. జీసీసీ 14 నుంచి వీటిని ఎన్ని ముక్కలు చేయాలో కాన్ఫిగర్‌కు చెప్పవచ్చు. ముక్కలు పెంచితే ఒక్కో ఫైలుకు పట్టే మెమరీ తగ్గుతుంది. బూట్‌స్ట్రాప్ ఫ్లాగుల్లోంచి డీబగ్ సమాచారం ఇచ్చే ‘జీ’ని తీసేసినా మెమరీ, డిస్క్ రెండూ బాగా కలిసొస్తాయి. జీసీసీ సొంత చెత్త సేకరణకు ఉన్న ‘జీజీసీ-మిన్-హీప్‌సైజ్’, ‘జీజీసీ-మిన్-ఎక్స్‌పాండ్’ విలువలు తగ్గిస్తే ఇంకొంచెం ఊపిరి ఆడుతుంది, కానీ బిల్డ్ నెమ్మదిస్తుంది.

స్వాప్ (డిస్క్‌లో మెమరీలా వాడే చోటు) పెట్టండి, కానీ ఎస్‌డీ కార్డు మీద వద్దు. నెమ్మది సంగతి సరే, కార్డు త్వరగా అరిగిపోతుంది. యూఎస్‌బీ హార్డ్ డిస్క్ ఉన్నా నయమే.

ఏమీ మార్చకపోయినా మేక్ అన్నీ మొదటి నుంచి కంపైల్ చేస్తోంది, లేదా ఆటోకాన్ఫ్, బైసన్ కావాలని అడుగుతోంది. ఎందుకు?

గడియారం చూడండి. చాలా చిన్న బోర్డుల్లో సమయాన్ని నిలిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే 1970 దగ్గర మొదలవుతాయి. పాత వర్క్‌స్టేషన్లలో ఆ బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మేక్ పూర్తిగా ఫైళ్ల సమయాల మీదే ఆధారపడుతుంది కాబట్టి అంతా తారుమారవుతుంది. నెట్‌వర్క్ సమయం సరిచేశాకే సోర్స్ విప్పండి. గిట్ నుంచి తెచ్చిన సోర్స్ అయితే ‘జీసీసీ_అప్‌డేట్’ స్క్రిప్ట్‌ను ‘టచ్’ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే, పుట్టించిన ఫైళ్ల సమయాలు సరైన వరుసలోకి వస్తాయి.

మూడు దశల బూట్‌స్ట్రాప్ అంత అవసరమా? రోజులు పడుతోంది.

అరుదైన హార్డ్‌వేర్ మీద ఇదే మీకు దొరికే మొదటి గట్టి పరీక్ష. నా అభిప్రాయంలో దీన్ని వదులుకోకూడదు.

మొదటి దశను మీ యంత్రంలో ఉన్న కంపైలర్ కంపైల్ చేస్తుంది. రెండో దశను మొదటి దశ, మూడో దశను రెండో దశ. రెండు, మూడు దశలు ఒకే సోర్స్ నుంచి వచ్చాయి, వాటిని కట్టిన కంపైలర్లు ఒకే విధంగా ప్రవర్తించాలి. కాబట్టి డీబగ్ సమాచారం పక్కనబెడితే వాటి ఆబ్జెక్ట్ ఫైళ్లు బైటు బైటుకూ సరిపోవాలి. సరిపోకపోతే ‘బూట్‌స్ట్రాప్ కంపారిజన్ ఫెయిల్యూర్’ అని ఫైళ్ల పేర్లతో సహా చెప్పి ఆగుతుంది.

అలా ఆగితే రెండు దశల్లోనూ తేడా ఉన్న ఆబ్జెక్ట్ ఫైళ్లలో చిన్నదాన్ని తీసుకోండి. రెండింటినీ తిరిగి అసెంబ్లీగా విప్పి ఎక్కడ వేరవుతున్నాయో చూడండి. మామూలుగా రెండో దశలో డీబగ్ ఆప్షన్‌ను తిప్పేస్తారు, అంటే డీబగ్ ఉన్నా లేకపోయినా పుట్టే కోడ్ ఒకటేనా అన్న పరీక్ష కూడా ఇందులో కలిసి ఉంటుంది. తేడా అక్కడి నుంచి వచ్చిందంటే ప్రమాదం చిన్నదే. రిజిస్టర్లే వేరుగా ఉంటే, ఇన్‌స్ట్రక్షన్లే మారిపోతే, మొదటి దశ రెండో దశను తప్పుగా కంపైల్ చేసిందని అనుమానించాలి. అది పెద్ద సంగతి.

రోజూ సోర్స్ మార్చి చూసేటప్పుడు బూట్‌స్ట్రాప్ ఆపి పనిచేసుకోవచ్చు. ఫలితం నలుగురికీ చెప్పే రోజు మాత్రం పూర్తిగా నడపండి.

మొదటి బైనరీని నమ్మేదెలా?

1984లో అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో కెన్ థాంప్సన్ లేవనెత్తిన ప్రశ్న ఇదే. సోర్స్‌లో ఆనవాలు లేకుండా, కంపైలర్ బైనరీలో దాగిన దొంగ కోడ్ తరతరాలుగా కొనసాగగలదని ఆయన చూపించారు. దీనికి డేవిడ్ వీలర్ చెప్పిన జవాబు, ఒకే సోర్స్‌ను సంబంధం లేని రెండు కంపైలర్లతో కట్టించి చివరి బైనరీలను పోల్చడం.

అరుదైన యంత్రం ఉన్నవారికి ఈ పరీక్ష దాదాపు ఉచితంగా దొరుకుతుంది. యంత్రంలోని పాత కంపైలర్ నుంచి మెట్లెక్కి వచ్చిన మూడో దశ ఒకటి, డెస్క్‌టాప్ నుంచి క్రాస్ చేసి తెచ్చిన బైనరీతో కట్టిన మూడో దశ ఇంకొకటి. సోర్స్, డైరెక్టరీ దారులు, ఆప్షన్లు, లైబ్రరీలు అన్నీ ఒకటే అయితే రెండూ ఒకటిగా రావాలి. వస్తే రెండు దారులూ ఒకే చోటికి చేరాయని ధైర్యంగా అనుకోవచ్చు.

కంపైలర్ ప్రతిసారీ వేరే వేరే ఫైలు దగ్గర క్రాష్ అవుతోంది.

హార్డ్‌వేర్‌నే అనుమానించండి. కంపైలర్‌లో బగ్ ఉంటే ప్రతిసారీ అదే ఫైలు, అదే వరుస దగ్గర పడుతుంది. మళ్లీ మేక్ అంటే దాటిపోయి మరోచోట పడిందంటే చెడిన ర్యామ్, వేడి, బలహీనమైన పవర్ సప్లై, లేదా కెర్నెల్ క్యాష్‌లను సరిగ్గా ఫ్లష్ చేయకపోవడం. బగ్ మళ్లీ రావడం లేదు, హార్డ్‌వేరో ఆపరేటింగ్ సిస్టమో కారణం కావచ్చని కొన్నిసార్లు జీసీసీనే చెబుతుంది. ఆ మాట నమ్మండి.

టెస్ట్‌సూట్ ఎలా నడపాలి? ఎంత సమయం పడుతుంది?

టెస్ట్‌లు నడిపే డెజాగ్నూ, దానికి అవసరమైన టీసీఎల్, ఎక్స్‌పెక్ట్ కావాలి. బిల్డ్ డైరెక్టరీలో ‘మేక్ చెక్’ను ‘కే’ ఆప్షన్‌తో నడపండి. అది లేకపోతే ఒక భాగంలో ఫెయిల్ రాగానే మిగతావి ఆగిపోతాయి. సీ టెస్ట్‌లే లక్షకు పైగా ఉంటాయి కాబట్టి నెమ్మది యంత్రంపై రోజుల లెక్కే.

మొత్తం నడపలేకపోతే ముందు ‘ఎగ్జిక్యూట్’ వర్గం నడపండి. ఇవి చిన్న ప్రోగ్రాములను వేరు వేరు ఆప్టిమైజేషన్ స్థాయిల్లో కంపైల్ చేసి, నిజంగా నడిపి, జవాబు సరైనదో కాదో చూస్తాయి. తప్పుడు కోడ్ బయటపడేది ఎక్కువగా ఇక్కడే. అసెంబ్లీలో ఫలానా ఇన్‌స్ట్రక్షన్ వచ్చిందా అని వెతికే టెస్ట్‌ల కంటే ఇవి ఎన్నో రెట్లు విలువైనవి.

టెస్ట్‌కు మామూలు గడువు 300 సెకన్లు. పాత ప్రాసెసర్ మీద మంచి టెస్ట్ కూడా ఆ గడువు దాటి ఫెయిల్‌గా నమోదవుతుంది. డెజాగ్నూ బోర్డ్ ఫైల్‌లో గడువు పెంచండి. అలాగే స్టాక్ పరిమితి, ప్రాసెస్ మెమరీ పరిమితి పెట్టుకుని నడపండి, అదుపు తప్పిన ఒక్క టెస్ట్ యంత్రాన్ని మొత్తం పడేయగలదు.

వందల ఫెయిల్స్ వచ్చాయి. కంపైలర్ పనికిరాదా?

ఆ సంఖ్యను చూసి టెన్షన్ పడకండి. ఒక్క ఫెయిల్ కూడా లేని ఫలితం బాగా ప్రచారంలో ఉన్న ప్రాసెసర్ల మీద కూడా అరుదు. అడగాల్సింది ‘నిన్న పాసై ఇవాళ ఫెయిల్ అయినవి ఏవి?’ అని. దానికి పాత ఫలితం మీ దగ్గర ఉండాలి. అందుకే మొదటి బిల్డ్ ఎంత చెడ్డగా వచ్చినా టెస్ట్ ఫలితాలు ఉండే ‘సమ్’ ఫైళ్లను దాచుకోండి. సోర్స్‌తో వచ్చే ‘కంపేర్_టెస్ట్స్’ స్క్రిప్ట్ రెండు ఫలితాల తేడా చూపిస్తుంది.

ఎక్స్‌ఫెయిల్ అంటే ఫెయిల్ అవుతుందని ముందే తెలిసినది, పట్టించుకోనక్కర్లేదు. అన్‌సపోర్టెడ్ అంటే మీ యంత్రానికి వర్తించనిది. అయితే అన్‌సపోర్టెడ్ సంఖ్య ఒక్కసారిగా పెరిగితే అనుమానించండి. ఏదో లైబ్రరీ లింక్ కాక, పరీక్షించాల్సినవి చడీచప్పుడు లేకుండా తప్పుకుని ఉంటాయి.

మిగతా చోట్ల పాసయ్యే టెస్ట్ నా యంత్రం మీదే ఎందుకు ఫెయిల్ అవుతోంది?

టెస్ట్ రాసినవారు తెలియకుండానే తమ యంత్రాన్ని ఊహించుకుని రాస్తారు. ఆ ఊహ మీ దగ్గర చెల్లదు.

స్పార్క్ మీద అలైన్ కాని (డేటా పరిమాణానికి సరిగ్గా భాగం కాని) చిరునామా నుంచి చదివితే ‘బస్ ఎర్రర్’తో ప్రోగ్రామ్ చస్తుంది, ఎక్స్86 మీద అదే నిశ్శబ్దంగా సాగిపోతుంది. మోటరోలా 68000 లైనక్స్‌లో ఇంట్‌కు, పాయింటర్‌కు 2 బైట్ల అలైన్‌మెంటే ఉంటుంది. పాయింటర్ చివరి రెండు బిట్లు ఎప్పుడూ సున్నా అని నమ్మి వాటిలో గుర్తులు దాచే కోడ్ అక్కడ కూలిపోతుంది. పీఏ-రిస్క్ లైనక్స్‌లో స్టాక్ పైకి పెరుగుతుంది. వ్యాక్స్ ఫ్లోటింగ్ పాయింట్ ఐఈఈఈ పద్ధతి కాదు, అందులో అనంతం లేదు. ఆర్మ్, పవర్, రిస్క్-ఫైవ్ లైనక్స్‌లలో సాదా ‘చార్’లో రుణ సంఖ్యలు పట్టవు, ఎక్స్86లో పడతాయి. పాత ఎక్స్87 యూనిట్ 80 బిట్లలో లెక్కలు చేసి, విలువ మెమరీకి వెళ్లినప్పుడు కుదిస్తుంది కాబట్టి ఒకే లెక్కకు ఆప్టిమైజేషన్‌ను బట్టి రెండు జవాబులు రావచ్చు.

ఆల్ఫా కథ వీటన్నిటికంటే లోతైనది. తొలి ఆల్ఫాలకు ఒక్క బైటు రాసే ఇన్‌స్ట్రక్షనే లేదు. చుట్టూ ఉన్న పెద్ద ముక్కను చదివి, బైటు మార్చి, మొత్తం తిరిగి రాయాలి. రెండు థ్రెడ్లు పక్కపక్క బైట్లను ఒకేసారి రాస్తే ఒకరిది పోతుంది. బైటు ఇన్‌స్ట్రక్షన్లు ఈవీ56 అనే తర్వాతి ఆల్ఫా చిప్‌తో వచ్చాయి. పైగా ఆల్ఫా మెమరీ క్రమం ఎంత వదులుగా ఉంటుందంటే, పాయింటర్ కొత్తది కనబడినా అది చూపే డేటా పాతదే కనబడవచ్చు.

కాబట్టి ఫెయిల్ అయిన టెస్ట్‌ను తెరిచి చదవండి. తప్పు టెస్ట్‌దైతే దాన్ని సరిచేసే ప్యాచ్ పంపడం కూడా గొప్ప సాయమే.

క్యూఈఎంయూలో టెస్ట్ చేస్తే చాలదా?

క్యూఈఎంయూ అంటే వేరే ప్రాసెసర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ప్రోగ్రామ్. మొదటి వడపోతకు చాలు, తీర్పుకు చాలదు. యూజర్ మోడ్ (మొత్తం యంత్రాన్ని కాక ఒక్క ప్రోగ్రామ్‌నే నడిపే తీరు) క్యూఈఎంయూ అలైన్‌మెంట్ తప్పులను కొన్నిసార్లు వదిలేస్తుంది. మెమరీ క్రమం చాలావరకు కింద ఉన్న అసలు ప్రాసెసర్‌దే కాబట్టి, ఎక్స్86 మీద నడిపితే ఆల్ఫా, పవర్‌లలో కనిపించే థ్రెడ్ తప్పులు దాగిపోతాయి. సిగ్నళ్లు, థ్రెడ్ల దగ్గర దాని సొంత లోపాలూ ఉంటాయి. ఎక్కడ నడిపారో ఫలితంతో పాటు తప్పక రాయండి.

అసలు హార్డ్‌వేర్ లేనివారు కంపైల్ ఫార్మ్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఉచిత సాఫ్ట్‌వేర్ రాసేవారికి పవర్, స్పార్క్, రిస్క్-ఫైవ్ లాంటి యంత్రాల మీద ఖాతా ఇస్తారు.

బగ్ దొరికింది. నా యంత్రం లేనివారికి ఎలా చూపించాలి?

ప్రీప్రాసెస్ చేసిన ఒక్క ఫైలు, కచ్చితమైన కమాండ్, కంపైలర్ ‘వీ’ ఆప్షన్‌తో చెప్పే వివరాలు. ఫైలును సీ-వైస్ లాంటి పనిముట్టుతో ఇరవై ముప్పై వరుసలకు కుదించండి. అప్పుడు ఎక్స్86 మీద ఉన్న డెవలపర్ మీ ప్రాసెసర్‌కు క్రాస్ కంపైలర్ కట్టుకుని, పుట్టిన అసెంబ్లీని చూసి తప్పు పట్టగలరు.

ఏ మార్పుతో బగ్ వచ్చిందో వెతకడానికి నెమ్మది యంత్రం మీద గిట్ బైసెక్ట్ (మార్పులను సగం సగం చేస్తూ తప్పు చేరిన మార్పును వెతకడం) చేయకండి. డెస్క్‌టాప్ మీద ‘మేక్ ఆల్-జీసీసీ’తో క్రాస్ కంపైలర్ వరకు మాత్రమే కడితే, లైబ్రరీలు లేకుండా నిమిషాల్లో అయిపోతుంది. ప్రతి మెట్టులో పుట్టిన అసెంబ్లీ ఫైలును మాత్రం అసలు యంత్రానికి పంపి, అక్కడ లింక్ చేసి నడపండి. వారం పట్టే పని ఒక సాయంత్రంలో తేలుతుంది.

ఎల్‌ఎల్‌వీఎం సంగతి?

జీసీసీకి ప్రత్యామ్నాయమైన ఈ కంపైలర్ వ్యవస్థలో మీ ప్రాసెసర్‌కు బ్యాక్ ఎండ్ ఉందో లేదో ముందు చూసుకోండి. పీఏ-రిస్క్‌కు లేదు. ఆల్ఫాకు ఒకప్పుడు ఉండేది, తీసేశారు. మోటరోలా 68000కు ప్రయోగ దశలో ఉంది, విడిగా అడిగితేనే బిల్డ్ అవుతుంది. ఉంటే రిలీజ్ బిల్డ్, ఒకే టార్గెట్, ఒకే లింక్ జాబ్ పెట్టండి. డీబగ్ బిల్డ్ లింక్ దశ చిన్న యంత్రాల్లో నెగ్గదు.

నా ప్రాసెసర్ మద్దతు తీసేస్తామని ప్రకటించారు. ఇక అయిపోయినట్టేనా?

కాదు. జీసీసీ ముందు ఒక వెర్షన్‌లో ‘అబ్సలీట్’ అని ప్రకటిస్తుంది. ఆ వెర్షన్‌లో ‘ఎనేబుల్-అబ్సలీట్’ ఇస్తేనే కాన్ఫిగర్ ఒప్పుకుంటుంది. ఎవరూ ముందుకు రాకపోతే తర్వాతి వెర్షన్‌లో కోడ్ పోతుంది. నియోస్ 2 ఇలాగే జీసీసీ 14లో ప్రకటించి, 15లో తీసేశారు.

ఇటానియం కూడా జీసీసీ 14లో అదే జాబితాలో చేరింది. లైనక్స్ కెర్నెల్ అప్పటికే 6.7లో దాన్ని వదిలేసింది. అయినా చూసుకుంటామని మనుషులు ముందుకు రావడంతో జీసీసీ 15లో ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. మీరు చేయాల్సిందీ అదే. ప్రకటన రాగానే తాజా సోర్స్ బిల్డ్ చేసి, టెస్ట్ ఫలితాలు పంపండి, బగ్‌జిల్లాలో (జీసీసీ బగ్‌లు నమోదయ్యే చోటు) ఆ ప్రాసెసర్ పేరుతో తెరిచి ఉన్న బగ్‌లలో మీకు అర్థమైనవి తీసుకోండి. నెలకొకసారైనా ఫలితం పంపగలరా అని మెయింటెయినర్లు అడుగుతారు. పంపగలిగితేనే ఒప్పుకోండి, యంత్రం పాడైతే వాడేందుకు ఇంకొకటి ఉందో లేదో కూడా ముందే చెప్పండి.